కంప్యూటర్ చెస్ పోటీలో గడియారం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మేం నడిపే ఇంజిన్ల (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాంల) చెస్ పోటీకి పేరిచ్చినవాళ్ళు, ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళు పంపే సందేహాల్లో సగానికి పైగా గడియారం గురించే. ఎత్తులు ఎలా వేయాలో ఇంజిన్‌కి నేర్పడం కష్టమనుకుంటారు గానీ, కొత్తవాళ్ళ ఇంజిన్లు ఎక్కువగా ఓడేది టైమ్ దగ్గరే. అందుకని సందేహాలన్నిటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాం. కొన్ని పొడుగ్గా ఉంటాయి. పోటీకి ముందే చదవండి, ఓడిపోయాక కాదు.

ఇందులో మనుషులు ఆడరా? మరి గడియారం ఎవరు నొక్కుతారు?

ఆడరు. మీరు రాసిన ప్రోగ్రాం ఆడుతుంది. ఆర్బిటర్ (ఆట నడిపే రిఫరీ) కూడా ఒక ప్రోగ్రామే. అది రెండు ఇంజిన్లకూ వంతులవారీగా స్థితి పంపుతుంది, ఎత్తు అందుకుంటుంది, ఎవరికి ఎంత టైమ్ మిగిలిందో లెక్కగడుతుంది. ఎవరూ ఏ మీటా నొక్కక్కర్లేదు. మీరు వెనక కుర్చీలో కూర్చుని చూడొచ్చు. టెన్షన్ పడొచ్చు, దానికి నియమం ఏమీ పెట్టలేదు.

ఎప్పుడూ ఇలా లేదు. 1970లో న్యూయార్క్‌లో కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం మొదటి కంప్యూటర్ చెస్ పోటీ పెట్టినప్పుడు చాలా యంత్రాలు వేరే ఊళ్ళలో ఉండేవి, ఎత్తులు టెలిఫోన్‌లో చెప్పుకునేవారు. 1974లో స్టాక్‌హోమ్‌లో మొదటి ప్రపంచ కంప్యూటర్ చాంపియన్‌షిప్‌ జరిగినప్పుడూ (సోవియట్ ప్రోగ్రాం కైసా గెలిచింది) బల్ల మీద పావులు కదిపి గడియారం నొక్కింది మనుషులే. అలా కదిపే మనిషి మందకొడి అయితే ఆ నష్టం పాపం ప్రోగ్రాంది. మా పోటీలో ఆ బాధ లేదు.

టైమ్ ఎంత ఇస్తారు?

ప్రధాన పోటీలో ఒక్కో ఇంజిన్‌కి ఆట మొత్తానికి 10 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకీ 5 సెకన్ల ఇంక్రిమెంట్ (ఎత్తు వేశాక గడియారంలో కలిపే అదనపు టైమ్). 60 ఎత్తుల ఆటయితే ఒక్కో వైపు 10 నిమిషాలకి ఇంకో 5 నిమిషాలు కలిసి 15 అవుతుంది, రెండు వైపులా అరగంట. రోజుకి ఎన్ని రౌండ్లు పెట్టాలో ఈ లెక్కమీదే వేసుకుంటాం.

ఇంక్రిమెంట్ ఎందుకు? 15 నిమిషాలు ఇచ్చేసి ఊరుకోవచ్చు కదా?

ఊరుకోవచ్చు గానీ అప్పుడు ఆటలు చెస్ మీద తేలవు. ఇంజిన్లు మనుషుల్లాగా చేతులు కలిపి డ్రా ఒప్పుకోవు. రెండు వైపులా చెరో ఏనుగు, రాజు మిగిలిన స్థితిలో కూడా యాభై ఎత్తుల నియమం (బంటు కదలకుండా, పావు పోకుండా యాభై ఎత్తులు నడిస్తే డ్రా) వచ్చేదాకా తిప్పుతూనే ఉంటాయి. ఒక బంటు కదిపితే ఆ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అలా 200 ఎత్తులు దాటిన ఆటలు ఇంజిన్ల లోకంలో వింతేమీ కాదు. ఇంక్రిమెంట్ లేకపోతే చివర్లో రెండింటి దగ్గరా సెకను కూడా ఉండదు. అక్కడ గెలిచేది బాగా ఆడే ఇంజిన్ కాదు, సందేశాన్ని రెండు మిల్లీసెకన్లు ముందు పంపేది.

ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నది మాజీ ప్రపంచ చెస్ చాంపియన్ బాబీ ఫిషర్, 1989లో. 1992లో స్పాస్కీతో ఆడిన మ్యాచ్‌లో వాడి చూపించాడు. మనుషుల కోసం చేసింది ఇంజిన్లకి ఇంకా బాగా నప్పింది.

పాత పద్ధతిలో '40 ఎత్తులకు ఇంత టైమ్' అని ఎందుకు పెట్టరు?

అది అన్యాయమైన పద్ధతేం కాదు. ఇంజిన్లకి రేటింగ్ ఇచ్చే కొన్ని పట్టికలు ఇప్పటికీ దాన్నే వాడతాయి. మేం వద్దనుకోవడానికి కారణం నలభయ్యో ఎత్తు. మిగిలిన టైమ్‌ని మిగిలిన ఎత్తులతో భాగించే కోడ్‌లో చివరి ఎత్తు దగ్గర భాగహారం ఒకటితో అవుతుంది. ఉన్న టైమంతా ఈ ఒక్క ఎత్తుకే అనుకుని ఇంజిన్ అంచుదాకా వెళ్తుంది, ఫ్లాగ్ పడుతుంది, అంటే టైమ్ అయిపోతుంది. కొంతమంది కోడ్‌లో సున్నాతో భాగించి ఏకంగా కూలిపోతుంది. కొత్తవాళ్ళని ఈ ఒక్క గుంటలో పడేసి నేర్పేదేమీ లేదు.

ఒక్కో ఎత్తుకి సరిగ్గా 10 సెకన్లు అని కట్టేస్తే గొడవే ఉండదు కదా? లేదా ఇన్ని నోడ్లు (ఇంజిన్ వెతుకుతూ చూసే స్థితులు) అని?

ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది, తెలివైనవాళ్ళ దగ్గర్నుంచే వస్తుంది.

ఎత్తుకి ఇంత అని కడితే టైమ్ ఎక్కడ ఖర్చుపెట్టాలన్న తెలివికి విలువ లేకుండా పోతుంది. ఒకే ఒక్క చెల్లే ఎత్తు ఉన్నప్పుడు వెంటనే ఆడేయడం, రాజు మీద దాడి మొదలయ్యేటప్పుడు ఆగి చూడటం కూడా ఆటలో భాగమే. దాన్ని కష్టపడి రాసుకున్న కుర్రాడికీ, ఏమీ రాయనివాడికీ తేడా చూపించకపోతే మొదటివాడికి అన్యాయం చేసినట్టే.

నోడ్ల లెక్క ఇంకా చిక్కు. కంప్యూటర్ వేగంతో సంబంధం ఉండదు కాబట్టి న్యాయంగా కనిపిస్తుంది. కానీ మీ నోడ్, నా నోడ్ ఒకటి కాదు. పావుల విలువ కూడి తీసేసే ఇంజిన్ ఒక నోడ్‌ని చిటికెలో చూస్తుంది. న్యూరల్ నెట్‌వర్క్‌తో అంచనా వేసే ఇంజిన్ ఒక్కో నోడ్ మీద ఎన్నో రెట్లు పని చేస్తుంది. ఇద్దరికీ పది లక్షల నోడ్లు ఇస్తే రెండోదానికి ఎన్నో రెట్లు టైమ్ ఇచ్చినట్టు. లోతు (ఎన్ని ఎత్తులు ముందుకి చూడాలో) కట్టేయడం సంగతీ అంతే. మీ సొంత ఇంజిన్ పాత వెర్షన్‌తో కొత్త వెర్షన్‌ని పోల్చుకోవడానికి నోడ్లు మంచివి. వేర్వేరు ఇంజిన్ల మధ్య మాత్రం అందరికీ ఒకేలా నడిచేది గడియారమే.

గడియారం సరిగ్గా ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుంది?

ఆర్బిటర్ ప్రోగ్రాం మీ ఇంజిన్‌కి 'గో' వరుస పంపిన క్షణాన మొదలవుతుంది. మీ ఇంజిన్ నుంచి 'బెస్ట్‌మూవ్' వరుస ఆర్బిటర్‌కి పూర్తిగా చేరిన క్షణాన ఆగుతుంది. ఈ మధ్య ఏం జరిగినా మీ ఖాతాలోకే. వరుసని చదివి అర్థం చేసుకోవడం, వెతకడం, ఫలితం రాయడం అన్నీ అందులో ఉంటాయి.

యూసీఐ పద్ధతిలో (ఇంజిన్, ఆర్బిటర్ మాట్లాడుకునే భాష; 2000లో వచ్చింది, ఇప్పుడు దాదాపు అందరూ వాడేది ఇదే) 'గో' వరుసలోనే తెల్లవాళ్ళకి, నల్లవాళ్ళకి మిగిలిన టైమ్, ఇద్దరి ఇంక్రిమెంట్ మిల్లీసెకన్లలో వస్తాయి. మీ ఇంజిన్ సొంత గడియారం పెట్టుకుని లెక్కలేసుకోనక్కర్లేదు, మేం చెప్పిందే నమ్మాలి. రెండు లెక్కలూ తేడా వస్తే చెల్లేది మాదే.

ఆట మొదలవకముందు చేసే పనులు, అంటే నెట్‌వర్క్ ఫైలు చదవడం, హాష్ టేబుల్‌కి (చూసిన స్థితులని గుర్తుపెట్టుకునే పట్టికకి) మెమరీ తీసుకోవడం, పట్టికలు కట్టుకోవడం, గడియారం లోపలికి రావు. కొత్త ఆట అని చెప్పాక 'ఈజ్‌రెడీ' పంపి, 'రెడీఓకే' అనేదాకా ఆగుతాం. దానికి 10 సెకన్ల దాకా ఓపిక పడతాం. మొదటి ఎత్తు అడిగాక తీరిగ్గా మెమరీ తీసుకునే ఇంజిన్‌కి మాత్రం ఆ ఖర్చు మొదటి ఎత్తులోనే పడుతుంది.

నా లాగ్‌లో ఇంకా 80 మిల్లీసెకన్లు మిగిలాయని ఉంది. మీరు టైమ్ అయిపోయిందన్నారు. ఎవరిది తప్పు?

తొంభై పాళ్ళు మీ ఇంజిన్‌దే. మాదైతే లాగ్ చూసి ఒప్పుకుంటాం. ముందు ఈ నాలుగూ చూసుకోండి.

మొదటిది ఫ్లష్. తెర మీద నడిపినప్పుడు మీ ఇంజిన్ ఎత్తు వెంటనే కనబడుతుంది. ఆర్బిటర్ కింద నడిపితే అవుట్‌పుట్ తెరకి కాదు, పైపులోకి వెళ్తుంది. పైపని తెలియగానే సీ లైబ్రరీ గానీ పైథాన్ గానీ వరుసని వెంటనే పంపకుండా బఫర్‌లో దాచుకుంటాయి, అది నిండాక గానీ వదలవు. మీ ఇంజిన్ 'ఆడేశాను' అనుకుంటుంది. ఎత్తు మాత్రం బఫర్‌లోనే కూర్చుని ఉంటుంది, గడియారం నడుస్తూనే ఉంటుంది. ప్రతి వరుస తర్వాతా ఫ్లష్ చేయండి, అంటే బఫర్ వెంటనే ఖాళీ చేయించండి. 'మా ఇంట్లో బాగా ఆడిందన్నా, ఇక్కడ ఒక్క ఎత్తూ వేయలేదు' అన్నవాళ్ళు ముందు చూసుకోవాల్సింది ఇదే.

రెండోది టైమ్ ఎన్నిసార్లు చూసుకుంటున్నారన్నది. పుస్తకాల్లో, ట్యుటోరియళ్ళలో 'ప్రతి 4096 నోడ్లకి ఒకసారి గడియారం చూడు' అని ఉంటుంది. సెకనుకి పది లక్షల నోడ్లు చూసే సీ ప్లస్ ప్లస్ ఇంజిన్‌కి అది నాలుగు మిల్లీసెకన్ల సంగతి. అదే వరుసని సెకనుకి పది వేల నోడ్లు చూసే పైథాన్ ఇంజిన్‌లో అతికిస్తే నాలుగు వందల మిల్లీసెకన్లకి ఒకసారి చూసుకుంటుంది. ఫ్లాగ్ పడ్డాక చూసుకుని లాభం ఏముంది? మీ వేగాన్ని బట్టి ఆ అంకె తగ్గించుకోండి.

మూడోది, మీరు ఏ గడియారం చూస్తున్నారు? కంప్యూటర్ తేదీ, టైమ్ చూపించే గడియారాన్ని ఇంటర్నెట్ నుంచి సరిచేస్తూ ఉంటారు. అది ఉన్నట్టుండి ముందుకో వెనక్కో జరగొచ్చు. ఆట మధ్యలో అర సెకను వెనక్కి జరిగిందంటే మీ ఇంజిన్ అర సెకను ఎక్కువ ఆలోచిస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో స్టెడీ క్లాక్, పైథాన్‌లో మోనోటోనిక్, జావాలో నానోటైమ్ వాడండి. ఇవి ఎప్పుడూ వెనక్కి వెళ్ళవు. విండోస్‌లో పాత టైమర్ పిలుపులు వాడితే అవి దాదాపు 15.6 మిల్లీసెకన్లకి ఒకసారే అడుగు వేస్తాయని కూడా గుర్తుంచుకోండి.

నాలుగోది జావా, సీ షార్ప్ లాంటివాటిలో చెత్త మెమరీ ఊడ్చే పని. అది ఎప్పుడు మొదలవుతుందో మీ చేతిలో ఉండదు, అది నడిచినంతసేపూ ఇంజిన్ ఆగిపోవచ్చు. వెతికేటప్పుడు కొత్త ఆబ్జెక్టులు పుట్టించకుండా రాసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

మరి భద్రంగా ఉండాలంటే ఎంత టైమ్ పక్కన పెట్టుకోవాలి?

స్టాక్‌ఫిష్‌లో దీనికి 'మూవ్ ఓవర్‌హెడ్' అని ఒక సెట్టింగ్ ఉంది, మామూలుగా 10 మిల్లీసెకన్లు. అది ఏళ్ళ తరబడి సానబట్టిన ఇంజిన్. మొదటిసారి వచ్చేవాళ్ళు 100 నుంచి 200 పెట్టుకోండి. 5 సెకన్ల ఇంక్రిమెంట్ ఉన్నప్పుడు 200 మిల్లీసెకన్లు పోతే బలంలో తేడా కనబడదు, ఫ్లాగ్ పడితే మాత్రం ఆట పోతుంది.

గీత దాటితే కొంచెమైనా చూసీ చూడనట్టు వదలరా?

100 మిల్లీసెకన్లు వదులుతాం. అందరికీ, అన్ని ఆటల్లోనూ అంతే. ఆర్బిటర్ యంత్రం ఆ క్షణంలో లాగ్ రాస్తూ ఉండొచ్చు, ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకేదో పని అందుకోవచ్చు. ఆ ఆలస్యాలు మీవి కావు కాబట్టి ఈ సడలింపు.

ఇది బహుమానం అనుకోకండి. దాటిన టైమ్ మీ తర్వాతి ఇంక్రిమెంట్‌లోంచి తగ్గుతుంది. 70 మిల్లీసెకన్లు దాటితే తర్వాతి ఎత్తుకి 5 సెకన్ల బదులు 4.93 సెకన్లే ఉంటాయి. సడలింపుని లెక్కలో వేసుకుని ఆడాలనుకుంటే ఒరిగేది ఏమీ లేదు.

మా ఇంజిన్ మూడు ఎత్తుల్లో మాట్ చేయబోతోంది. అప్పుడు ఫ్లాగ్ పడింది. అయినా ఓటమేనా?

ఓటమే.

దీని మీద ప్రతిసారీ వాదన నడుస్తుంది కాబట్టి మా మాట స్పష్టంగా చెబుతాం. 'స్పష్టంగా గెలిచే ఆట' అని ఎవరో ఒకరు తేల్చాలి. మూడు ఎత్తుల మాట్ దగ్గర అందరూ ఒప్పుకుంటారు. ఒక గుర్రం ఎక్కువ ఉంటే? రెండు బంట్లు ఎక్కువుంటే? ఎక్కడో గీత గీయాలి, ఆ గీత గీసేది ఆట చూసినవాళ్ళు, అంటే మేమే. అవతల కూర్చున్నది బొబ్బిలి కుర్రాడో, రాజాం కుర్రాడో, మా వీధి కుర్రాడో తెలిశాక గీసే గీత ఎంత నిజాయితీగా గీసినా ఓడినవాడికి వంకరగానే కనబడుతుంది. అందుకని ఆట అయ్యాక మేం నిర్ణయించాల్సినవి వీలైనంత తక్కువ ఉండేలా నియమాలు ముందే రాసేశాం. కఠినంగా ఉందంటారు. నిజమే. కానీ అందరికీ ఒకే కఠినం.

ఎదుటివాళ్ళ దగ్గర ఒక్క రాజే ఉంటే?

అప్పుడు డ్రా. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నియమాల్లో ఉన్నదే ఇక్కడా పాటిస్తాం: చెల్లే ఎత్తులు ఏ వరుసలో వేసినా ఎదుటివాళ్ళు మాట్ చేయలేని స్థితి అయితే, ఫ్లాగ్ పడినవాళ్ళు ఓడరు.

'మాట్ చేయలేని' అన్నదాన్ని జాగ్రత్తగా చదవండి. బలవంతంగా చేయగలరా అని కాదు, ఎలాగైనా సాధ్యమా అని. మీ దగ్గర రాజు, ఏనుగు ఉన్నాయి, ఎదుట రాజు, గుర్రం ఉన్నాయి. గెలవడం వాళ్ళ వల్ల కాదనిపిస్తుంది. కానీ మీ రాజు హెచ్8లో, మీ ఏనుగు జీ8లో ఇరుక్కుని, వాళ్ళ రాజు హెచ్6లో ఉంటే గుర్రం ఎఫ్7కి వచ్చి మాట్ అవుతుంది. అలాంటి స్థితి సాధ్యమే కాబట్టి మీ ఫ్లాగ్ పడితే ఓటమి. చదువుకున్న చెస్ ఆటగాళ్ళకే దీని మీద అనుమానాలుంటాయి, సిగ్గుపడక్కర్లేదు, ముందే అడగండి.

ఎదుటి ఇంజిన్ ఆలోచిస్తున్నప్పుడు మా ఇంజిన్ కూడా ఆలోచించుకోవచ్చా?

ఒకే కంప్యూటర్ మీద ఆడే ప్రధాన పోటీలో వద్దు. పాండరింగ్ (ఎదుటివాళ్ళ టైమ్‌లో ఆలోచించడం) ఆపేసి పంపండి.

వేర్వేరు కోర్లు ఇస్తే తప్పేముందని అడుగుతారు. కోర్లు వేరైనా క్యాష్, మెమరీ దారి ఒకటే. ప్రోసెసర్ కూడా ఎన్ని కోర్లు పనిచేస్తున్నాయన్నదాన్ని బట్టి వేగం తగ్గించుకుంటుంది. మీరు ఎదుటివాళ్ళ టైమ్‌లో ఆలోచిస్తే వాళ్ళ గడియారం అంతే నడుస్తుంది, ఆలోచన మాత్రం తగ్గుతుంది. అంటే వాళ్ళ టైమ్ కొంత మీరు కాజేసినట్టే. 'బెస్ట్‌మూవ్' పంపాక కూడా ప్రోసెసర్ వాడుతున్న ఇంజిన్‌ని మా ప్రోగ్రాం పట్టుకుంటుంది. మొదటిసారి చెబుతాం, రెండోసారి ఆ ఆట పోతుంది.

ఇదే కారణంతో ఒక కంప్యూటర్ మీద ఒక సమయంలో ఒకే ఆట. నాలుగు కోర్లున్నాయి కదా, నాలుగు ఆటలు పెట్టేస్తే మధ్యాహ్నం భోజనానికి అందరం ఇంటికి పోవచ్చు అని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. పోవచ్చు. కానీ పక్క ఆటలో ఏం జరుగుతోందన్నదాని మీద మీ ఆట వేగం ఆధారపడుతుంది.

మా సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోవచ్చా?

ప్రదర్శన విభాగంలో తెచ్చుకోవచ్చు. అక్కడ ఫలితాలకి బహుమతులు ఉండవు, ఎందుకంటే గడియారం సమానం అయినంత మాత్రాన పోటీ సమానం కాదు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న లక్ష రూపాయల యంత్రానికి, అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌కి చెరో పది నిమిషాలు ఇవ్వడం పేరుకే సమానం.

వేసవిలో ల్యాప్‌టాప్ వేడెక్కి నెమ్మదిస్తుంది. దాన్ని ఎలా లెక్కేస్తారు?

మన దగ్గర మే నెలలో ఇది నిజమైన సమస్య. ప్రోసెసర్ ఒక వేడి దాటితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గడియారం మామూలుగానే నడుస్తుంది, ఇంజిన్ మాత్రం సగం వేగంతో వెతుకుతుంది. ప్రధాన పోటీలో రెండు ఇంజిన్లూ ఒకే యంత్రం మీద ఉంటాయి కాబట్టి దెబ్బ ఇద్దరికీ దాదాపు సమానం. అయినా ప్రతి రౌండ్‌కి ముందు ఒక నమూనా వెతుకులాట నడిపి, సెకనుకి ఎన్ని నోడ్లు వస్తున్నాయో ఉదయం అంకెతో పోలుస్తాం. పదో వంతు కంటే ఎక్కువ తగ్గితే యంత్రం చల్లబడేదాకా ఆపుతాం. ఫ్యాను మీ మొహానికి కాకుండా కంప్యూటర్‌కి తిప్పితే కోప్పడకండి.

ఆట మధ్యలో కరెంటు పోతే?

ఎక్కువమంది అడిగేది ఇదే, అడగాల్సిందీ ఇదే. సాయంత్రం గాలివాన లేచిందంటే మన ఊళ్ళో ముందు పోయేది కరెంటు.

ఆర్బిటర్ యంత్రాలకి యూపీఎస్ ఉంటుంది. అది ఆట పూర్తయ్యేదాకా లాగదు, లాగాలని మేం ఆశించం కూడా. కరెంటు పోయిన సంకేతం రాగానే, ప్రస్తుతం ఆలోచిస్తున్న ఇంజిన్ తన ఎత్తు వేసేదాకా ఆగి, అక్కడ ఆట నిలిపేస్తాం. ఆలోచన మధ్యలో తెంచం. అలా తెంచితే అప్పటిదాకా ఆలోచించిన టైమ్ ఎవరి ఖాతాలో వేయాలన్న గొడవ వస్తుంది.

కరెంటు వచ్చాక, ఆగినచోటి నుంచే, ప్రతి ఎత్తుతో పాటు రాసిపెట్టిన గడియారం అంకెలతో మొదలుపెడతాం. ఇంజిన్లకి బల్ల మీద స్థితి మాత్రమే కాకుండా మొదటి ఎత్తు నుంచీ మొత్తం వరుస పంపుతాం. లేకపోతే ఇంతకుముందు అదే స్థితి రెండుసార్లు వచ్చిందన్న సంగతి వాటికి తెలియదు, మూడోసారి అడుగుపెట్టి డ్రా చేసుకుంటాయి. హాష్ టేబుల్‌లో పోగైన జ్ఞానం పోతుంది. అది రెండు వైపులా పోతుంది కాబట్టి దాని మీద ఫిర్యాదు తీసుకోం. యూపీఎస్ కూడా చేతులెత్తేసి యంత్రం ఒక్కసారిగా ఆరిపోతే, చివరిగా రాయబడిన ఎత్తు దాకా వెనక్కి వెళ్తాం. సగం ఆలోచించిన ఇంజిన్‌కి ఆ టైమ్ తిరిగి వస్తుంది. పది ఎత్తులు కూడా నిండని ఆటయితే అవే రంగులతో, అదే ఆరంభంతో మొదటి నుంచి ఆడిస్తాం.

ల్యాప్‌టాప్ వాడేవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ ఆరదు, బ్యాటరీ మీదకి మారుతుంది. చాలా యంత్రాలు ఆ క్షణాన్నే పొదుపు కోసం వేగం తగ్గిస్తాయి. ఆట ఆగలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, కానీ ఇంజిన్ ఆట పల్చబడుతుంది. ప్రదర్శన విభాగంలో కూడా కరెంటు పోతే రెండు వైపులా ఆపుతాం.

తుపాను హెచ్చరిక ఉంటే పోటీయే వాయిదా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు ఆ వైపు నుంచి రాలేనివాళ్ళకి 'హాజరు కాలేదు' అని సున్నా వేయడం నియమం కాదు, మూర్ఖత్వం.

మా ఇంజిన్ తనంతట తానే కూలిపోతే?

ఆ ఆట ఓటమి. తర్వాతి ఆటకి మళ్ళీ లేపుతాం. మూడు ఆటల్లో కూలితే మిగతా పోటీ నుంచి తప్పిస్తాం. దానితో ముందే ఆడినవాళ్ళకి కష్టపడి పాయింట్లు, తర్వాత ఆడాల్సినవాళ్ళకి ఆడకుండానే పాయింట్లు అన్న తేడా రాకుండా సగానికి ముందే తప్పిస్తే దాని ఫలితాలన్నీ తీసేస్తాం.

మనుషులు పావులు కదిపే కాలంలో సాంకేతిక ఇబ్బంది వస్తే పరిమితంగా గడియారం ఆపుకునే వెసులుబాటు ఉండేది. గది నిండా యంత్రం, ఊరవతల టెలిఫోన్ లైను ఉన్న రోజులకి అది సబబు. ఇప్పుడు కూలేది యంత్రం కాదు, మన కోడ్.

ఇంటర్నెట్‌లో ఆడితే నెట్ ఆలస్యం ఎవరి ఖాతాలో?

ఇచ్ఛాపురం, పార్వతీపురం వైపు నుంచి రాలేనివాళ్ళ కోసం ఆన్‌లైన్ రౌండ్లు పెడతాం. అక్కడ టైమ్ 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు. ఆలస్యం ఆడేవాళ్ళదే. లిచెస్ లాంటి సర్వర్లు ఎత్తు ప్రయాణానికి పట్టిన టైమ్‌ని కొంత పరిమితిలో తిరిగిస్తాయి. మనుషులు ఒక నిమిషం ఆటలు ఆడేచోట అది అవసరం కూడా. మేం ఆ లెక్కల జోలికి పోకుండా ఇంక్రిమెంట్ పెంచాం. పది సెకన్లలో అర సెకను నెట్‌కి పోయినా ఆట చెడదు, ఎవరి నెట్ ఎంత మందమో కొలిచి తూకం వేసే పని మాకు తప్పుతుంది. ఓవర్‌హెడ్ ఇక్కడ 1000 మిల్లీసెకన్లు పెట్టుకోండి.

మీ నెట్ తెగితే గడియారం నడుస్తూనే ఉంటుంది, తిరిగి కలిస్తే అక్కడి నుంచే ఆట. మా సర్వర్ తెగితే అందరి గడియారాలూ ఆగుతాయి.

గడియారం మీద ఫిర్యాదు ఎలా ఇవ్వాలి?

ఆట అయిన అరగంటలోపు, మీ ఇంజిన్ లాగ్ ఫైల్‌తో. లాగ్‌లో ప్రతి వరుస పక్కనా మిల్లీసెకన్లలో టైమ్ ఉండాలి. నోటిమాట ఫిర్యాదు తీసుకోం. ఆర్బిటర్ లాగ్ ఇద్దరికీ చూపిస్తాం. రెంటినీ పక్కపక్కన పెడితే ఆలస్యం ఎక్కడ జరిగిందో చాలాసార్లు ఫిర్యాదు చేసినవాళ్ళే చెప్పేస్తారు. ఆర్బిటర్‌దే తప్పని తేలితే ఆట మళ్ళీ ఆడిస్తాం, ఫలితం తిరగేయం.

ముందుగా మీ యంత్రం మీద ఆడి చూసుకునే వీలుందా?

ఉంది. పోటీకి ముందు శనివారం ఎవరైనా తమ ఇంజిన్ తెచ్చి, అదే యంత్రం మీద, అదే టైమ్‌తో ఎన్ని ఆటలైనా ఆడించుకోవచ్చు. ఇంట్లో చూసుకోవాలంటే ఇంజిన్లని ఒకదానితో ఒకటి ఆడించే ప్రోగ్రాం క్యూట్‌చెస్ ఉచితంగా దొరుకుతుంది. 10 నిమిషాలతో కాకుండా ఒక్క సెకను టైమ్, 0.1 సెకను ఇంక్రిమెంట్ పెట్టి, సడలింపు సున్నా చేసి, కొన్ని వందల ఆటలు రాత్రంతా వదిలేయండి. అందులో ఒక్క ఫ్లాగ్ కూడా పడకపోతే మా దగ్గర పడే అవకాశం దాదాపు లేదు. పొద్దున్న లేచి చూసేసరికి ఇరవై పడి ఉంటే, పైన చెప్పిన నాలుగింటిలో ఫ్లష్ దగ్గర మొదలుపెట్టండి.